అప్పు తెచ్చుకునే లెక్క

యాభై రెండులోంచి ఇరవై ఏడు.
రెండులోంచి ఏడు పోదు,
పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో
అన్నాను,
పద్నాలుగేళ్లుగా అంటున్నట్టే.

మూడో తరగతి, రెండో వరస.
జీడిపిక్కల జిడ్డుకి వేలికొసలు నల్లబడ్డ మోనిక
లేచి నిలబడింది.
"మరి తిరిగి ఎప్పుడిచ్చీయాల మేడమ్?"

ఎవరూ నవ్వలేదు.
మంగళవారం పొద్దున్నే ఫైనాన్స్ బండి చప్పుడు వింటే
తలుపులు దగ్గరికేసుకునే ఊరు మాది.
నా చేతిలో సుద్దముక్క తప్ప
జవాబు లేదు.

ఆ రాత్రి నోటుపుస్తకాలు దిద్దుతుంటే
ముప్పై ఒక్కమందిలో పందొమ్మిది మంది
ముప్పై అయిదు అని రాశారు.
పైదా కిందదా చూడకుండా
ఏడులోంచే రెండు తీసేశారు.
ఇన్నాళ్లూ దాన్ని అశ్రద్ధ అనుకున్నాను.
అప్పు చెయ్యకుండా గడిచే దారి
వెతుక్కున్నారేమో.

హరిపురంలో కాంప్లెక్స్ మీటింగ్.
సంతకాలు, సమోసాలు,
ఎంతకీ అప్‌లోడ్ కాని గ్రూప్ ఫొటో.
"మీ బడిలో ఎలా ఉందండీ?"
"బాగానే ఉందండీ."
ఎప్పుడూ ఇంతే.
ఓడిపోయిన లెక్క ఎవరూ సంచీలోంచి తియ్యరు.

నేను తీశాను.
పందొమ్మిది పుస్తకాలు బల్ల మీద పరిచాక
ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.
రిటైర్మెంటుకి మూడేళ్లున్న ఢిల్లేశ్వరరావు మాస్టారు
కళ్లజోడు తీసి తుడుచుకుని
"మా కాడా ముప్పై అయిదేనమ్మా" అన్నారు,
దొంగ దొరికినంత మెల్లగా.
ఇంకో బడి. ఇంకో ముప్పై అయిదు.
అప్పుడొచ్చింది నవ్వు,
గదంతా, చాలాసేపు.

కొండ మీది బడి నుంచి వచ్చే సవర భాగ్యవతి
నవ్వు ఆగేదాకా ఆగి
సంచీలోంచి కొండచీపురు పుల్లలు తీసింది.
పదేసి పుల్లలకి ఒక దారం ముడి.
"కట్ట వాళ్లదే కదా, అప్పెందుకు?
ముడి విప్పుకోమందాం.
అప్పు కాదు మేడమ్, విప్పు."

ఇంత చిన్న మాట
పన్నెండు కిలోమీటర్ల అవతల
ఇన్నేళ్లు ఒక్కతే కూచుంది.

ఆ శుక్రవారం గెడ్డ దాటి మా బడికొచ్చింది.
ఆ పూట తన బడిని ఎవరు చూసుకున్నారో
ఏ రిజిస్టర్లోనూ ఉండదు.
(మాస్టారు. బస్సు లేక సైకిల్ మీద.)
ఆమె వెనక బెంచీలో కూర్చుంది.
ఒక్కసారీ నా వైపు చూడలేదు,
పిల్లల చేతులకేసే చూసింది.
ఇంటర్‌బెల్లులో అంది,
"పుల్లలు బాగున్నాయి.
కానీ నువ్వే అడిగి నువ్వే చెప్పేస్తున్నావు.
అడిగాక మూడు లెక్కపెట్టి చూడు."

కోపమొచ్చింది.
ఇంటికెళ్లాక వంకాయలు తరుగుతున్నా తగ్గలేదు.
మూడట. నాకు నేర్పుతుందట.

మర్నాడు బోర్డు వైపు తిరిగి
మనసులో లెక్కపెట్టాను.
ఒకటి. ఎంత పొడుగో.
రెండు. ఎవరో పుల్లలు కింద పడేసుకున్నారు.
మూడు.
జూన్ నుంచీ హాజరు తప్ప మాటన్నది లేని లోకనాథం
"ఇరవై అయిదు" అన్నాడు,
తప్పు చేసినట్టు.

పందొమ్మిది ఇప్పుడు ఆరయ్యారు.
ఆ ఆరుగురి పుస్తకాలూ సంచీలోనే ఉన్నాయి,
వచ్చే మీటింగుకి.
మాస్టారు తనవి తొమ్మిది తెస్తానన్నారు,
గర్వంగా.

ఇవాళ బోర్డు మీద
మూడు వందల రెండులోంచి నలభై ఏడు.
మోనిక మళ్లీ లేచింది.
"మధ్యన సున్న ఉంది మేడమ్.
ఇప్పడానికి పక్కన కట్టే లేదు.
మరేటి సెయ్యాల?"

నాకు తెలుసు.
నాలిక చివరే ఉంది.

ఒకటి.

రెండు.